కోచ్ వెళ్ళిపోయింది, మా అమ్మాయి స్కాలర్‌షిప్ ఉన్నట్టా లేనట్టా?

ఆటోనగర్ కమాన్లు (విజయవాడ)

అందరికీ నమస్కారం. ఇక్కడ అందరూ ఎంఎస్ గురించీ హెచ్-1 గురించీ అడుగుతుంటారు. నాది వేరే రకం తలనొప్పి. కాస్త పొడుగ్గా రాస్తాను, ఏమీ అనుకోకండి.

నాకు ఆటోనగర్‌లో లారీ కమాన్ కట్టల షాపు ఉంది. పెద్దమ్మాయి సీనియర్ ఇంటర్ పరీక్షలు ఇప్పుడే రాసింది. ఎత్తు ఆరడుగుల ఒక అంగుళం. ఎనిమిదో తరగతిలోనే నన్ను దాటేసింది. బీసెంట్ రోడ్డు ఈ చివర నుంచి ఆ చివరిదాకా తిరిగినా తొమ్మిదో నంబరు ఆడపిల్లల బూట్లు దొరకవు, మగపిల్లలవే కొంటాం. మా అక్క ఏ ఫంక్షన్‌లో కనబడినా "ఈ ఎత్తుకి సంబంధం ఎక్కణ్ణుంచి తెస్తావురా" అనేది. వాళ్ళ స్కూలు పీఈటీ మాత్రం "ఈ అమ్మాయిని నాకు వదిలెయ్యండి" అన్నాడు. అప్పట్నుంచి పొద్దున్నే ఐదున్నరకి కోర్టు. నేను స్కూటర్ మీద దింపి, బయట టీ తాగి, గట్టు మీద గంటన్నర కూర్చునేవాణ్ణి. బాస్కెట్‌బాల్ రూల్స్ నాకు అలా గట్టు మీదే వచ్చాయి.

రెండుసార్లు నేషనల్స్ ఆడింది. మా చిన్నవాడు ఆ మ్యాచ్‌లు ఫోన్లో తీసి, నాలుగు నిమిషాల వీడియో చేసి, అమెరికాలో అరవై కాలేజీల కోచ్‌లకి పంపాడు. పదకొండు మంది జవాబిచ్చారు. అందులో పదిమంది "థాంక్స్, ఆల్ ది బెస్ట్" రకం. ఒక్క కాలేజీ మాత్రం పట్టుకుంది. డివిజన్ 1 అట, అంటే అక్కడి కాలేజీ ఆటల్లో పై స్థాయి, కాకపోతే పెద్ద పేరున్నది కాదు, చిన్న ఊళ్ళో ఉంది. హెడ్ కోచ్ మూడుసార్లు వీడియో కాల్‌లో మాట్లాడింది. అసిస్టెంట్ కోచ్ అయితే ప్రతి ఆదివారం రాత్రి ఫోన్ చేసేది. మా ఆవిడ ఉలవచారు గురించి కూడా ఆ అమ్మాయికి చెప్పేసింది. నవంబర్లో ఈమెయిల్ వచ్చింది, "ఫుల్ స్కాలర్‌షిప్, వచ్చే ఆగస్టులో చేరాలి" అని. ఆలు లేదు చూలు లేదు కొడుకు పేరు సోమలింగం అన్నట్టు నేను ఊరందరికీ స్వీట్లు పంచాను. మా అక్కకి అరకిలో ఎక్కువే ఇచ్చాను.

మార్చి ఆఖర్లో వాళ్ళ సీజన్ అయిపోయింది. అయిన వారానికి హెడ్ కోచ్ ఇంకో పెద్ద కాలేజీకి వెళ్ళిపోయింది. మాకు ఫోన్ లేదు, మెయిల్ లేదు. మావాడు ఇన్‌స్టాగ్రామ్‌లో చూసి చెప్పాడు. కొత్త కాలేజీ రంగు చొక్కా వేసుకుని నవ్వుతోంది. అసిస్టెంటు కూడా ఆవిడతోనే పోయింది. పన్నెండు రోజులకి కొత్త కోచ్‌ని పెట్టారు. ఆవిడకి మా అమ్మాయి అనేది ఒకటుందని తెలుసో లేదో! పాప ఏమీ అనడం లేదు కానీ, నాలుగు రోజుల నుంచి కోర్టుకి వెళ్ళడం మానేసింది. వద్దన్నా వెళ్ళే పిల్ల.

ఈ సంగతి ఎలా తెలిసిందో, బెంజి సర్కిల్ దగ్గర కన్సల్టెన్సీ ఆయన ఒకడు ఫోన్ చేశాడు. ఆ సీటు నిలబెడతానన్నాడు, పోతే వేరే కాలేజీలో ఇప్పిస్తానన్నాడు. రెండు లక్షలు అడ్వాన్సు, స్కాలర్‌షిప్ మొత్తం మీద పది శాతం. ఏడాదికి 45 వేల డాలర్ల లెక్కన నాలుగేళ్ళకి కోటిన్నర, అందులో పది శాతం అంటే పదిహేను లక్షలు.

నా అనుమానాలు ఇవి. కాలేజీ ఇచ్చిన మాట కోచ్ మారితే చెల్లుతుందా? అసలు ఈ కోచ్‌లు ఇలా ఎందుకు గెంతుతున్నారు? మా బావమరిది "అక్కడ ఇప్పుడు ఆడపిల్లలకి కోట్లు ఇస్తున్నారు బావా" అంటున్నాడు, అది నిజమేనా? తెలిసినవాళ్ళు చెప్పండి.

బ్రాడీపేట నాలుగో లైను

అంకుల్, మాది గుంటూరు. బ్రహ్మానందరెడ్డి స్టేడియం దుమ్ములో పెరిగినదాన్ని. 2016లో వెళ్ళి డివిజన్ 2 కాలేజీలో నాలుగేళ్ళు ఆడాను, ఇప్పుడు డాలస్‌లో ఉద్యోగం. మీ పోస్ట్ సగం చదివేసరికి కడుపులో తిప్పింది. నాకూ ఇదే జరిగింది, కాకపోతే వెళ్ళిన తర్వాత.

ముందు ఒకటి చెప్పండి, మీ చేతిలో ఉన్న కాగితం ఏంటి? కోచ్ పంపిన ఈమెయిలా, లేక ఫైనాన్షియల్ ఎయిడ్ అగ్రిమెంటా? రెండో దానిలో ఎంత డబ్బు, ఏ తేదీ నుంచి ఏ తేదీ వరకు అని ఉంటుంది, కాలేజీ తరఫున సంతకాలు ఉంటాయి, మీ అమ్మాయి సంతకం చేయాల్సిన గీత ఉంటుంది. 2024 అక్టోబర్ వరకు నేషనల్ లెటర్ ఆఫ్ ఇంటెంట్ అని ఇంకో కాగితం కూడా ఉండేది, దాన్ని తీసేశారు. ఇప్పుడు అంతా ఈ అగ్రిమెంట్ మీదే. అది సంతకాలై ఉంటే అది కాలేజీకీ మీకూ మధ్య ఒప్పందం, కోచ్ ఉన్నా ఊడినా ఆ గడువు వరకు డబ్బు ఇవ్వాల్సిందే. ఆట బాలేదనో, మోకాలు పోయిందనో మధ్యలో కోయడానికి లేదు. ఉన్నది ఈమెయిల్ ఒక్కటే అయితే మాత్రం, ఆ మాట కోచ్‌తో పాటే సూట్‌కేస్‌లో వెళ్ళిపోయింది.

కాగితం ఉన్నంత మాత్రాన ఆడిస్తారని కాదు. నా కథ వినండి. మొదటి ఏడాది నన్ను తెచ్చుకున్న కోచ్‌కి బోర్డు కింద నిలబడి రీబౌండ్, అంటే బుట్టలో పడకుండా వెనక్కొచ్చిన బంతి, పట్టేవాళ్ళు కావాలి. మ్యాచ్‌కి ఇరవై నిమిషాలు ఆడేదాన్ని. ఆ వేసవిలో ఆవిడ వెళ్ళిపోయింది. కొత్తాయనకి ఐదుగురూ మూడు పాయింట్ల గీత బయట నిలబడి వేసేవాళ్ళే కావాలి. నాకు బయట నుంచి పడదు. గుంటూరులో సిమెంట్ కోర్టు మీద, ఎదురుగాలిలో, నాకెవరు నేర్పారు? రెండో ఏడాది మొత్తం నేను ఆడింది కూడితే ఒక సినిమా అంత కూడా లేదు. ఏడాది చివర వచ్చిన రెన్యువల్ ఉత్తరంలో స్కాలర్‌షిప్ మూడో వంతు తగ్గించారు. నాన్న మిర్చి యార్డులో గుమాస్తా. ఆ ఏడాది అమ్మ గాజులు బ్యాంకులో ఉన్నాయి. రెన్యువల్ సంగతి జూలై 1 లోపు రాతపూర్వకంగా చెప్పాలని, తగ్గిస్తే కాలేజీ కమిటీ ముందు అప్పీలు చేసుకోవచ్చని నిబంధన ఉంది. ఆ సంగతి నాకు గ్రాడ్యుయేషన్ అయ్యాక తెలిసింది. పంతొమ్మిదేళ్ళ పిల్ల, మర్యాదగా "ఓకే కోచ్" అని బయటకొచ్చేసింది.

కోచ్‌లు ఎందుకు గెంతుతారంటారా? ప్యాట్ సమ్మిట్ 1974లో టెన్నెస్సీ యూనివర్సిటీలో ఆడపిల్లల టీమ్ కోచ్‌గా చేరినప్పుడు జీతం నెలకి 250 డాలర్లు. టీమ్ వ్యాన్ తనే నడిపేది, యూనిఫామ్‌లు తనే ఉతికేది. 38 సీజన్లు అక్కడే ఉండి ఎనిమిది టైటిళ్ళు గెలిచింది. అదే టెన్నెస్సీ 2024 ఏప్రిల్లో ఉన్న కోచ్‌ని తీసేసి కిమ్ కాల్డ్‌వెల్‌ని తెచ్చుకుంది. ఈవిడ 2022లో గ్లెన్‌విల్ స్టేట్ అనే చిన్న కాలేజీతో డివిజన్ 2 టైటిల్ గెలిచింది, 2023లో మార్షల్‌కి వెళ్ళింది, అక్కడ ఉన్నది ఒక్కటంటే ఒక్క సీజన్. మార్షల్‌కి ఆవిణ్ణి నమ్ముకుని వచ్చిన పిల్లల సంగతి ఆలోచించండి. అలాగని ఆవిడది తప్పనలేను, టెన్నెస్సీ పిలిస్తే ఎవరు ఆగుతారు? కిమ్ మల్కీ అనే ఇంకో కోచ్ 2021లో బేలర్ యూనివర్సిటీ వదిలి ఎల్‌ఎస్‌యూకి (లూసియానా స్టేట్) వచ్చి 2023లో టైటిల్ కొట్టింది. అదే ఏడాది పదేళ్ళకి 36 మిలియన్ డాలర్ల కాంట్రాక్ట్. డాలరు 85 లెక్కన ఏడాదికి 30 కోట్లు. సౌత్ కరోలినా కోచ్ డాన్ స్టేలీకి 2025 జనవరి నుంచి ఏడాదికి సుమారు 4 మిలియన్లు. 2024 ఆడవాళ్ళ కాలేజీ ఫైనల్‌ని సగటున కోటీ 89 లక్షల మంది చూశారు, మగవాళ్ళ ఫైనల్ కంటే నలభై లక్షలు ఎక్కువ. ఇంత జనం చూస్తుంటే డబ్బు వస్తుంది. డబ్బు పెట్టినవాడు రెండేళ్ళలో ఫలితం అడుగుతాడు. లేకపోతే కోచ్ ఔట్.

మీ బావమరిది చెప్పిన కోట్లు ఉన్నాయి, కానీ మనలాంటి వాళ్ళకి కాదు. 2021 జూలై నుంచి ఆటగాళ్ళు తమ పేరు, బొమ్మ అమ్ముకుని సంపాదించుకోవచ్చు. 2025 జూన్‌లో ఒక పెద్ద కేసు సెటిల్ అయ్యాక కాలేజీలే నేరుగా ఆటగాళ్ళకి డబ్బు ఇవ్వొచ్చన్నారు, ఒక్కో కాలేజీకి మొదటి ఏడాది (2025-26) 20.5 మిలియన్ డాలర్ల వరకు, అంటే 174 కోట్లు. వినడానికి బాగుంది. అందులో ముప్పాతిక అమెరికన్ ఫుట్‌బాల్‌కే పోతుంది, తర్వాత మగవాళ్ళ బాస్కెట్‌బాల్. ఆడవాళ్ళ బాస్కెట్‌బాల్‌కి చాలాచోట్ల అనుకుంటున్నది ఐదు శాతం. అది కూడా పెద్ద కాలేజీల్లో. మీరు చెప్పిన చిన్న ఊరి కాలేజీలో ఆ ఐదు శాతం కూడా ఉండకపోవచ్చు.

మీ అమ్మాయికి ఆ డబ్బు రాదు కానీ దాని దెబ్బ తగులుతుంది. అదే అసలు సంగతి. ఇదివరకు కాలేజీ మారితే ఏడాది కూర్చోవాలి. 2021లో మొదటిసారి మారేవాళ్ళకి, 2024లో అందరికీ అది తీసేశారు. హేలీ వాన్ లిత్ అనే అమ్మాయి లూయివిల్‌లో మూడేళ్ళు ఆడి, ఎల్‌ఎస్‌యూలో ఒక ఏడాది, టీసీయూ (టెక్సస్ క్రిస్టియన్) లో ఒక ఏడాది ఆడింది. పెద్ద కాలేజీ డబ్బు చూపించి మధ్య కాలేజీ స్టార్‌ని లాక్కుంటుంది, మధ్య కాలేజీ చిన్న కాలేజీ నుంచి లాగుతుంది, పెద్ద కాలేజీ బెంచీ మీద ఉన్నవాళ్ళు ఆడే చాన్సు కోసం కిందికి దిగుతారు. కాలేజీ మారాలనుకునేవాళ్ళు పేరు రాసుకునే ఆన్‌లైన్ జాబితాని పోర్టల్ అంటారు. కోచ్ మారితే ఆ టీమ్ పిల్లలకి అది ప్రత్యేకంగా తెరుస్తారు కూడా. కొత్త కోచ్ వచ్చిన మొదటి నెలంతా ఈ పోర్టల్‌లోనే బతుకుతుంది. టీమ్‌లో ఉండేది పదిహేను మంది. ఒకవైపు విజయవాడ నుంచి పద్దెనిమిదేళ్ళ పిల్ల, వీడియో నాలుగు నిమిషాలు. ఇంకోవైపు మూడు సీజన్లు ఆడిన ఇరవై రెండేళ్ళ అమ్మాయి. ఉద్యోగం నిలబెట్టుకోవాల్సిన మనిషి ఎవర్ని తీసుకుంటుందో మీకు నేను చెప్పాలా!

ఆ పది శాతం మనిషికి మాత్రం పైసా ఇవ్వొద్దు. స్కాలర్‌షిప్ ఇప్పించినందుకు అందులో వాటా తీసుకునేవాణ్ణి ఎన్‌సీఏఏ, అంటే అక్కడ కాలేజీ ఆటల్ని నడిపే సంఘం, ఏజెంట్ కింద లెక్కేస్తుంది. డబ్బు పోవడం ఒక ఎత్తు, పాప అర్హత పోవడం ఇంకో ఎత్తు. వీడియో తీసినందుకు, మెయిల్స్ పంపినందుకు ఇంత అని ఒకే ఫీజు తీసుకునేవాళ్ళు వేరు. మీవాడు ఆ పని ఉచితంగా చేసేశాడు కదా.

ఇవాళ రాత్రే ఆ కాలేజీ స్పోర్ట్స్ విభాగంలో కంప్లయన్స్ ఆఫీసర్, అంటే నిబంధనలు చూసే మనిషి, ఎవరో చూసి మెయిల్ రాయండి. ప్రతి కాలేజీకీ ఒకరుంటారు. కోచ్‌కి రాస్తే పోర్టల్ గోలలో చూడదు, వీళ్ళు జవాబిస్తారు. మా అమ్మాయి పేరు మీద ఎయిడ్ అగ్రిమెంట్ జారీ అయిందా అని అడగండి, కొత్త కోచ్‌తో మాట్లాడే టైము అడగండి. మెయిల్ అమ్మాయి పేరుతోనే వెళ్ళాలి, మీ పేరుతో కాదు.

ఆటోనగర్ కమాన్లు

అమ్మా, నీ పేరు తెలియదు కానీ వెయ్యేళ్ళు చల్లగా ఉండు. షాపులో కూర్చుని రెండుసార్లు చదివాను, ఒక కస్టమర్ అశోక్ లేలాండ్ కట్ట అడిగితే టాటాది తీసిచ్చానట.

కాగితం తీసి చూశాను. మాది ఈమెయిలే. కింద కోచ్ పేరు, కాలేజీ గుర్తు, ఒక బాస్కెట్‌బాల్ బొమ్మ. సంతకం చేసే గీత ఎక్కడా లేదు. ముప్పై ఏళ్ళ నుంచి వ్యాపారం చేస్తున్నాను, బిల్లు లేకుండా ఒక బోల్ట్ కూడా లోడ్ చేయను. కోటిన్నర విషయంలో బొమ్మ చూసి నమ్మేశాను. మెయిల్ పాప పేరుతో రాత్రే పంపాం.

రిటైర్డ్ పీడీ, తెనాలి

అయ్యా, నేను 31 ఏళ్ళు ఫిజికల్ డైరెక్టర్‌గా చేసి దిగినవాణ్ణి. కటువుగా చెబుతాను.

ఆరడుగుల ఒక అంగుళం ఆడపిల్ల మన దగ్గర ఏటా పుట్టదు. రైల్వేస్‌కి అలాంటి పిల్లలు కావాలి. సీనియర్ నేషనల్స్‌లో ఆడపిల్లల టైటిల్ ఎన్నేళ్ళుగా వాళ్ళ చేతుల్లో ఉందో చూడండి. స్పోర్ట్స్ కోటాలో ఉద్యోగం వస్తే జీతం, పాస్, క్వార్టరు, పైగా ఆట. మీ అమ్మాయి ఇక్కడ డిగ్రీలో చేరి రెండేళ్ళు గట్టిగా ఆడితే ట్రయల్స్‌కి పిలుపు రాకుండా ఉండదు. ఇది వదిలేసి, పేరు కూడా పలకలేని ఊళ్ళో మంచు చూస్తూ బెంచీ మీద కూర్చోవడం దేనికి? ఆ గుంటూరు అమ్మాయి నిజం రాసింది, మెచ్చుకుంటున్నాను, కానీ ఆమె నిజమే నా మాటకి సాక్ష్యం.

ఇంకోటి. నాలుగు రోజులు కోర్టుకి వెళ్ళలేదన్నారు. అమెరికా సంగతి తర్వాత, ముందు రేపు పొద్దున్న ఐదున్నరకి దింపి రండి. వద్దన్నా దింపండి.

బ్రాడీపేట నాలుగో లైను

మాస్టారూ, నమస్తే. రైల్వేస్ మాట కొట్టిపారేయను, మా బ్యాచ్‌లో ఇద్దరు అక్కడే ఉన్నారు, సొంత ఇళ్ళు కట్టుకున్నారు. కానీ వెళ్ళినవాళ్ళందరూ బెంచీ మీదే కూర్చోలేదు. బెంగళూరు సంజనా రమేష్ నార్తర్న్ ఆరిజోనాకి, పంజాబ్ హర్‌సిమ్రన్ కౌర్ శాన్ డియేగోకి డివిజన్ 1 ఆడారు. నేను బెంచీ మీద కూర్చుని కూడా డిగ్రీ పూర్తి చేశాను, ఆ డిగ్రీతోనే అమ్మ గాజులు విడిపించాను. ఆ ఏడాది ఏడవలేదని మాత్రం అనను.

కోర్టు సంగతి మాస్టారు చెప్పినట్టే చేయండి అంకుల్.

ఫైలు పక్కాగా ఉండాలి

నేను ఆట మనిషిని కాదు. స్టూడెంట్ ఫైళ్ళు చూసే పని. ఇద్దరూ వదిలేసినవి చెబుతాను.

మీ అమ్మాయి వెళ్ళేది ఎఫ్-1 మీద, అంటే స్టూడెంట్ వీసా మీద. అక్కడికెళ్ళి స్పాన్సర్ బూట్లు చూపిస్తూ ఫొటో దిగి డబ్బు తీసుకోవడం పని కిందికి వస్తుంది, ఎఫ్-1కి అది కుదరదు. కాలేజీ నేరుగా ఇచ్చే వాటా డబ్బు కూడా విదేశీ పిల్లలకి చిక్కే, లాయర్‌ని అడగకుండా ముట్టుకోకూడదు. పక్క బెడ్ మీద అమెరికన్ పిల్ల కారు కొనుక్కుంటుంది, మనమ్మాయి చూస్తూ ఉండాలి. బావమరిదికి ఇది చెప్పండి.

రెండోది ఐ-20, వీసా కోసం కాలేజీ ఇచ్చే కాగితం. అందులో ఏడాది ఖర్చు ఒకవైపు, డబ్బు ఎక్కణ్ణుంచి వస్తుందో ఇంకోవైపు ఉంటుంది. కాలేజీ ఇచ్చేది ఎంత, సొంతంగా పెట్టేది ఎంత అని విడివిడి గడులు. "కాలేజీ ఇచ్చేది" అన్న గడిలో అంకె పడితేనే మీ స్కాలర్‌షిప్ ఉన్నట్టు. తేడా ఏమైనా ఉంటే ఆ మొత్తానికి మీ బ్యాంకు కాగితాలు చూపించాలి. హైదరాబాద్ కాన్సులేట్ కిటికీ దగ్గర పాత కోచ్ ఈమెయిల్ చూపిస్తే ఏమవుతుందో చెప్పక్కర్లేదు. స్టూడెంట్ వీసాకి కట్టే 350 డాలర్ల సెవిస్ ఫీజు ఐ-20 చూశాకే కట్టండి.

మూడోది టాక్స్, ఇది ఎవరూ చెప్పరు. స్కాలర్‌షిప్‌లో ట్యూషన్, పుస్తకాల భాగానికి పన్ను లేదు. హాస్టల్, తిండి భాగం మీద మాత్రం విదేశీ విద్యార్థులకి మామూలుగా 14 శాతం ముందే పట్టుకుంటారు. భారత్, అమెరికా పన్ను ఒప్పందం వల్ల మన పిల్లలకి స్టాండర్డ్ డిడక్షన్ వాడుకునే వీలుంది, రిటర్న్ వేస్తే చాలావరకు తిరిగొస్తుంది. కానీ ముందు జేబులోంచి పోతుంది. "ఫుల్" అన్న మాటలో ఇది ఉండదు.

ఆటోనగర్ కమాన్లు

అందరికీ సంగతి చెప్పాలి కదా, ఇదిగో.

పీడీ గారూ, మర్నాడే దింపాను. మొహం మాడ్చుకుని వెళ్ళింది. అరగంట బంతి ముట్టుకోలేదు. తర్వాత ఎవరో చిన్న పిల్లలు లే-అప్ సరిగ్గా వేయలేకపోతుంటే లేచి వెళ్ళి చూపించింది. ఇక ఎండ ఎక్కేదాకా దిగలేదు.

కంప్లయన్స్ ఆఫీసర్ ఒక్క రోజులో జవాబిచ్చాడు, మర్యాదస్తుడు. ఎయిడ్ అగ్రిమెంట్ ఎప్పుడూ జారీ కాలేదు. అడ్మిషన్ మాత్రం వచ్చి ఉంది. కోచ్‌తో మాట్లాడిస్తానన్నాడు. మంగళవారం రాత్రి తొమ్మిదిన్నరకి కాల్. మా ఆవిడ పాప వెనక గోడకి ఉన్న క్యాలెండర్ తీసేసి మెడల్స్ తగిలించింది. నేను ఫ్రేమ్‌లో పడకుండా బీరువా పక్కన నిలబడ్డాను.

కొత్త కోచ్ పాత ఆవిడలా తియ్యగా మాట్లాడలేదు. వీడియో నిన్ననే చూశానంది. మావాడు పంపని మ్యాచ్ కూడా ఒకటి యూట్యూబ్‌లో వెతికి చూసిందట, మేం ఓడిపోయిన మ్యాచ్. "ఎడమ చేత్తో ఎందుకు వేయవు?" అని అడిగింది. పాప "మణికట్టుకి దెబ్బ తగిలింది, ఇప్పుడు తగ్గింది" అంది. అప్పుడు కోచ్ ఉన్నదున్నట్టు చెప్పింది. పోర్టల్ నుంచి ఇద్దరు పొడుగు పిల్లల్ని తీసేసుకున్నాను, అందులో ఒకమ్మాయికి ఇదే ఆఖరి ఏడాది, నువ్వు వస్తే మొదటి ఏడాది పెద్దగా ఆడవు. డబ్బు కూడా అయిపోయింది. ట్యూషన్ వరకు ఇవ్వగలను, హాస్టల్, తిండి మీవే. ఇదివరకు డివిజన్ 1 ఆడపిల్లల బాస్కెట్‌బాల్‌లో ఇస్తే పూర్తిగా ఇవ్వాలట, ఇప్పుడు ముక్కలు చేసి ఇవ్వొచ్చట. ఆ కొత్త వెసులుబాటు మా మీద వాడింది. తేడా ఏడాదికి 13 వేల డాలర్లు, పదకొండు లక్షలు.

నా గుండె జారింది. పాప మాత్రం, ఎప్పుడూ నాలుగు మాటలు మాట్లాడని పిల్ల, "మిగతాది రావాలంటే నేను మ్యాచ్‌కి ఎన్ని రీబౌండ్లు పట్టాలి?" అని అడిగింది. ఆవిడ నవ్వేసింది. ఆ కాల్ మొత్తంలో నవ్వింది అప్పుడొక్కసారే.

కాల్ అయ్యాక మా ఆవిడ "నాకు ఈవిడే నచ్చింది, మొహం మీద చెప్పింది" అంది. ఉలవచారు ఫోన్లన్నీ ఏమయ్యాయో మరి! నాకు పాత ఆవిడ మీద కోపం పోలేదు. వెళ్ళినందుకు కాదు, రెండు లైన్లు రాయనందుకు. లారీ డ్రైవర్ కూడా బాకీ ఉంటే ఫోన్ చేసి "వచ్చే ట్రిప్పుకి ఇస్తా అన్నా" అంటాడు.

నేను బేరం మనిషిని కాబట్టి ఊరుకోలేదు. గుంటూరు అమ్మాయి సాయంతో పాప చేత ఇంకో మెయిల్ రాయించాను. ఒక్క ఏడాదికి కాకుండా రెండేళ్ళకి అగ్రిమెంట్ ఇవ్వండి, మొదటి ఏడాది ట్యూషన్ వరకు, రెండో ఏడాది ఆ పోర్టల్ అమ్మాయి చదువైపోతుంది కాబట్టి పూర్తిగా, రెండూ ఒకే కాగితం మీద సంతకాలతో. స్పోర్ట్స్ డైరెక్టర్‌ని అడిగి శుక్రవారం లోపు చెబుతానని జవాబొచ్చింది. అది వస్తే ఒక ఏడాది పదకొండు లక్షలు నేను తట్టుకోగలను, గోడౌన్ వెనక స్థలం ఉంది. ఒక్క ఏడాదికే ఇస్తామంటే పీడీ గారు చెప్పిన దారి. ఇక్కడ డిగ్రీ అప్లికేషన్ కూడా తెచ్చి ఇంట్లో పెట్టాను, పాపకి చెప్పే పెట్టాను.

కన్సల్టెన్సీ ఆయనకి ఏజెంట్ నిబంధన చెప్పాను. "అవన్నీ కాగితం మీద మాటలండీ" అన్నాడు. ఈ మధ్య నాకు కాగితం మీద మాటలంటేనే గౌరవం పెరిగిందని ఫోన్ పెట్టేశాను.

శుక్రవారం సంగతి ఇక్కడే రాస్తాను. ఈలోపు ఒక సాయం. ఎడమ బూటు అడుగు ఊడిపోయింది, సుతిలి తాడు కట్టుకుని ఆడుతోంది. తొమ్మిదో నంబరు ఆడపిల్లల బాస్కెట్‌బాల్ బూట్లు విజయవాడలో గానీ గుంటూరులో గానీ ఎక్కడైనా చూసినవాళ్ళు షాపు పేరు చెప్పండి.